దేశానికో జెండా కావాలని అడిగిన మాస్టారు



ఆగస్టు వచ్చిందంటే మన ఇళ్లలో చార్టులు, స్కెచ్ పెన్నులు, గ్లూ స్టిక్కులు బయటికొస్తాయి. జాతీయ జెండాను ఎవరు తయారుచేశారని అడిగితే రెండో తరగతి పిల్లలు కూడా పింగళి వెంకయ్య అని ఠక్కున చెబుతారు. ఒక మార్కు ప్రశ్నకు ఆ జవాబు సరిపోతుంది. కానీ కాస్త తెలివైన పిల్లలు పాత జెండా బొమ్మను, ఇప్పటి జెండాను పక్కపక్కన పెట్టి చూస్తే మనల్ని ఇరుకున పెట్టే ప్రశ్న ఒకటి అడుగుతారు. వెంకయ్యగారు 1921లో గీసిన జెండాలో అశోకచక్రం లేదు. కాషాయం బదులు ఎరుపు ఉంది. తెలుపు రంగు ఆలోచన ఆయనది కాదు, రాట్నం ఆలోచన కూడా ఆయనది కాదు. మరి ఆయన చేసిందేమిటి?

ఆ ప్రశ్న అడిగితే పిల్లల్ని కోప్పడకండి. దానికి మంచి జవాబే ఉంది. కాకపోతే ఒక మార్కు జవాబుగా చెప్పడం కుదరదు. ఆయన జీవితం మొత్తం చెప్పాలి.

భట్లపెనుమర్రు కుర్రాడు

పింగళి వెంకయ్యగారు 1876 ఆగస్టు 2న కృష్ణా జిల్లా భట్లపెనుమర్రులో పుట్టారు. కూచిపూడికి దగ్గరలోని పల్లె అది. తండ్రి హనుమంతరాయుడు, తల్లి వెంకటరత్నం. చదువు కోసం మచిలీపట్నం వెళ్లారు. మన పెద్దలు బందరు అని పిలుచుకునే ఆ ఊరే తర్వాత ఆయన జీవితంలో ముఖ్యమైన మజిలీ అయింది.

యువకుడిగా ఉన్నప్పుడే బ్రిటిష్ సైన్యంలో చేరి దక్షిణాఫ్రికాకు వెళ్లారు. అప్పుడక్కడ బోయర్ యుద్ధం జరుగుతోంది. గాంధీజీ కూడా ఆ రోజుల్లో అక్కడే ఉండి, గాయపడినవాళ్లను మోసుకొచ్చే భారతీయుల దళాన్ని నడిపారు. వారిద్దరి పరిచయం అక్కడే మొదలైందని వెంకయ్యగారి జీవిత చరిత్రలు చెబుతాయి.

ఇండియాకు తిరిగొచ్చాక ఆయన ఒక్కచోట కుదురుగా లేరు. కొంతకాలం రైల్వేలో గార్డు, కొంతకాలం ప్లేగు నివారణ విభాగంలో ఉద్యోగి. ఆ తర్వాత ఉద్యోగం వదిలి చదువుకోవడానికి లాహోర్ వెళ్లి, అక్కడి ఆంగ్లో వేదిక్ కాలేజీలో జపనీస్ భాష నేర్చుకున్నారు. మన వైపు నుంచి లాహోర్ వెళ్లి జపనీస్ నేర్చుకోవడం ఇప్పుడు వింటే వింతగా ఉంటుంది. 1905లో జపాన్ రష్యాను ఓడించడంతో ఆసియా దేశాల్లో చదువుకున్న యువకులందరి చూపూ జపాన్ మీద పడింది. ఐరోపా వాళ్లను ఓడించడం సాధ్యమేనని ఆ గెలుపు చెప్పింది. వెంకయ్యగారు 1913లో బాపట్లలో జపనీస్ భాషలో ప్రసంగించారు. దాంతో జనం ఆయనను జపాన్ వెంకయ్య అన్నారు.

నాలుగు పేర్ల మనిషి

మునగాల జమీందారు నాయని వెంకటరంగారావుగారు చదువుకున్నవాళ్లను ఆదరించేవారు. తెలుగులో విజ్ఞాన గ్రంథాలు రావాలని పనిచేసినవాళ్లకు అండగా నిలిచిన వ్యక్తి ఆయన. మునగాల, నడిగూడెం ఇప్పుడు తెలంగాణలోని సూర్యాపేట జిల్లాలో ఉన్నాయి. అప్పట్లో మాత్రం ఆ పరగణా చుట్టూ నైజాం ఇలాకా ఉన్నా, పాలన ప్రకారం బ్రిటిష్ వారి కృష్ణా జిల్లాలో భాగం. ఆ జమీందారు ఆదరణలో వెంకయ్యగారు వ్యవసాయం మీద, ముఖ్యంగా పత్తి మీద ప్రయోగాలు చేశారు. కంబోడియా రకం పత్తి మీద పనిచేసినందుకు పత్తి వెంకయ్య అనే పేరు వచ్చింది.

తర్వాత నేల లోపలి సంగతులు ఆయనను పట్టుకున్నాయి. భూగర్భశాస్త్రం చదివారు. నెల్లూరులో చాలా ఏళ్లు ఉండి అభ్రకం మీద పరిశోధన చేశారు. వజ్రాలు ఏ రాతిలో పుడతాయో, ఆ తల్లిరాయి సంగతులేమిటో పుస్తకం రాశారు. అనంతపురం జిల్లా వజ్రకరూరు వైపు తొలకరి వానలు పడగానే జనం చేలల్లో వజ్రాల కోసం వెతకడం మీరు ఏటా వార్తల్లో చూస్తూనే ఉంటారు. ఆ నేలలో ఏముందో తెలుసుకోవాలని ఆయన తపనపడ్డారు. దాంతో డైమండ్ వెంకయ్య అయ్యారు. జెండా వెంకయ్య అనేది నాలుగో పేరు.

మన పిల్లలు ఒక ఏడాది చెస్, మరుసటి ఏడాది కీబోర్డు, ఆపైన రోబోటిక్స్ అంటుంటే మనకు కంగారు పుడుతుంది. ఫీజు కట్టింది మనమే కాబట్టి ఆ కంగారు సహజం. వెంకయ్యగారి జీవితాన్ని పైపైన చూస్తే నిలకడ లేని మనిషి అనిపిస్తుంది. దగ్గరగా చూస్తే ఆయన ఏ పనినీ సరదాకి ముట్టుకోలేదని తెలుస్తుంది. పత్తి గురించైనా, రాళ్ల గురించైనా, భాష గురించైనా అడుగు దాకా వెళ్లి తెలుసుకోవడం ఆయన పద్ధతి. జెండా విషయంలోనూ ఆ పద్ధతే పనికొచ్చింది.

జెండా లేని దేశం

1906లో కలకత్తాలో జరిగిన కాంగ్రెస్ సభలకు వెంకయ్యగారు వెళ్లారు. ఆ సభలకు దాదాభాయి నౌరోజీ అధ్యక్షులు. మనదైన పాలన కావాలని అడిగిన ఆ సభల్లో ఎగిరింది మాత్రం బ్రిటిష్ వారి యూనియన్ జాక్. అది ఆయన మనసులో ముల్లులా గుచ్చుకుంది. సైన్యంలో పనిచేసి వచ్చినవాడికి జెండా విలువ వేరే చెప్పక్కర్లేదు. ఎవరి జెండా కింద నిలబడితే వాళ్ల మనిషి అన్నట్టే లెక్క.

అప్పటికి జెండాలే లేవని కాదు. అదే 1906 ఆగస్టులో కలకత్తాలోని పార్సీ బగాన్‌లో ఒక మూడు రంగుల జెండా ఎగిరింది. 1907లో జర్మనీలోని స్టుట్‌గార్ట్‌లో జరిగిన సోషలిస్టుల మహాసభలో మేడమ్ భికాజీ కామా ఇంకో జెండా ఎగరేశారు. 1917లో అనీబిసెంట్, తిలక్‌ల హోంరూల్ ఉద్యమానికి మరో జెండా వచ్చింది. దాని మూలన యూనియన్ జాక్ కూడా ఉంది. ఇలా ఒక్కో ఉద్యమానికి ఒక్కో జెండా. ఊరూరా అందరూ ఇది మాది అనుకునే జెండా మాత్రం లేదు.

వెంకయ్యగారు ఆ లోటు తీర్చాలనుకున్నారు. ముందు ఇతర దేశాల జెండాలను చదివారు. ఏ దేశం ఏ రంగు ఎందుకు పెట్టుకుంది, ఏ గుర్తు ఎందుకు ఎంచుకుంది అని పరిశీలించారు. 1916లో భారతదేశానికి ఒక జాతీయ జెండా అనే అర్థం వచ్చే పేరుతో ఇంగ్లీషులో చిన్న పుస్తకం అచ్చువేశారు. అందులో ఇతర దేశాల జెండాల వివరాలతో పాటు మన జెండాకు ముప్ఫై దాకా నమూనాలు ఇచ్చారు.

అప్పట్లో ఆయన బందరులోని ఆంధ్ర జాతీయ కళాశాలలో అధ్యాపకుడు. కోపల్లె హనుమంతరావు, ముట్నూరి కృష్ణారావు, భోగరాజు పట్టాభి సీతారామయ్యగార్లు 1910లో స్థాపించిన సంస్థ అది. పిల్లలకు సర్కారు ఉద్యోగానికి పనికొచ్చే చదువుతో పాటు దేశానికి పనికొచ్చే చదువు కూడా ఉండాలన్నది వాళ్ల పట్టుదల. వెంకయ్య మాస్టారికి అది సరిగ్గా సరిపోయే చోటు.

నాలుగేళ్ల నిరీక్షణ

పుస్తకం అచ్చయింది కదా, పని అయిపోయింది అనుకోలేదు ఆయన. కాంగ్రెస్ సభలు ఎక్కడ జరిగితే అక్కడికి వెళ్లేవారు. జెండా సంగతి ఎత్తేవారు. నాయకులు వినేవారు, తలూపేవారు, అజెండాలోని తర్వాతి అంశానికి వెళ్లిపోయేవారు. గాంధీజీ ఈ విషయం తర్వాత తన యంగ్ ఇండియా పత్రికలో దాచుకోకుండా రాశారు. నాలుగేళ్లుగా ప్రతి కాంగ్రెస్‌లోనూ వెంకయ్య చూపిన పట్టుదలను మెచ్చుకున్నాననీ, అయినా తనకు మాత్రం ఆ నమూనాల్లో దేశాన్ని కదిలించేది ఏదీ కనిపించలేదనీ ఆ వ్యాసం సారాంశం.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగండి. ముప్ఫై నమూనాలు ఇచ్చిన మనిషికి వాటిలో ఒక్కటీ నచ్చలేదని వచ్చిన జవాబు అది. ఇవాళ మన పిల్లలకు ఒక పోటీలో ప్రైజు రాకపోతే జడ్జీలు సరిగ్గా చూడలేదని మనమే ముందు అనేస్తాం. వెంకయ్యగారు అలా అనుకుని ఇంట్లో కూర్చుని ఉంటే కథ అక్కడే ఆగిపోయేది. ఆయన మరుసటి సభకు మళ్లీ వెళ్లారు. ఆయన పట్టు దేశానికి జెండా ఉండాలన్న మాట మీద. తన బొమ్మే జెండా కావాలన్న దాని మీద కాదు. ఆ తేడా వల్లే తర్వాత జరిగినదంతా జరిగింది.

బెజవాడలో మూడు గంటలు

1921 మార్చి 31, ఏప్రిల్ 1 తేదీల్లో అఖిల భారత కాంగ్రెస్ కమిటీ బెజవాడలో సమావేశమైంది. అంటే మన విజయవాడలోనే. కోటిమంది సభ్యులను చేర్పించాలి, తిలక్ స్వరాజ్య నిధికి కోటి రూపాయలు పోగుచేయాలి, ఇరవై లక్షల రాట్నాలు తిరగాలి అని నిర్ణయించింది ఆ సమావేశంలోనే.

జలంధర్‌కు చెందిన లాలా హంసరాజ్ అంతకుముందే గాంధీజీకి ఒక సలహా ఇచ్చి ఉన్నారు. మన జెండా మీద రాట్నం ఉండాలన్నది ఆ సలహా. అది గాంధీజీ మనసుకు పట్టింది. బెజవాడలో వెంకయ్యగారిని పిలిచి, హిందువులకు గుర్తుగా ఎరుపు, ముస్లింలకు గుర్తుగా ఆకుపచ్చ, ఆ రెండు రంగుల మీద రాట్నం ఉండేలా ఒక నమూనా గీసివ్వమని అడిగారు. మూడు గంటల్లో బొమ్మ ఆయన చేతికి వచ్చింది.

మూడు గంటల్లో గీయగలిగారంటే దాని వెనుక ఉన్న ఏళ్లు మనకు కనపడవు. లోకంలోని జెండాలన్నీ చదివిన మనిషి కాబట్టి కొలత, అమరిక, దూరం నుంచి చూస్తే కనిపించే తీరు లాంటివి ఆయన బుర్రలో అప్పటికే సిద్ధంగా ఉన్నాయి. పరీక్ష హాల్లో మూడు గంటల్లో రాసే పేపరుకు వెనుక ఏడాది చదువు ఉన్నట్టే ఇదీ.

తీరా చూస్తే ఆ బొమ్మ కమిటీ ముందు పెట్టడానికి కొద్దిగా ఆలస్యమైంది. ఆలస్యం కావడమే మేలైందని గాంధీజీ అనుకున్నారు. ఎందుకంటే తీరిగ్గా ఆలోచించాక, ఈ దేశంలో ఉన్నది రెండు మతాలవాళ్లే కాదు, మిగతావాళ్లందరికీ జెండాలో చోటుండాలి అనిపించింది. అలా తెలుపు వచ్చి చేరింది. పైన తెలుపు, మధ్యలో ఆకుపచ్చ, కింద ఎరుపు, మూడింటి మీదా పరచుకున్న రాట్నం. సంఖ్యలో తక్కువ ఉన్నవాళ్ల రంగు పైన ఉండాలని గాంధీజీ భావం. బట్ట మాత్రం ఖద్దరే కావాలి. ఏప్రిల్ 13 నాటి యంగ్ ఇండియాలో ఆయన ఈ సంగతంతా రాశారు. అందులో వెంకయ్యగారి పేరు, బందరు జాతీయ కళాశాల పేరు చెప్పారు.

జెండా చేతులు మారింది

ఆ జెండాను కాంగ్రెస్ వెంటనే తీర్మానం చేసి అధికారికంగా ప్రకటించలేదు. అయినా జనం అందుకున్నారు. 1923లో జబల్పూరులో, నాగపూరులో దాన్ని ఎగరేయడానికి, ఊరేగించడానికి బ్రిటిష్ ప్రభుత్వం అడ్డుపడితే జెండా సత్యాగ్రహం జరిగింది. వివిధ ప్రాంతాల నుంచి వాలంటీర్లు నాగపూరుకు వెళ్లి జెండా పట్టుకుని నడిచి జైళ్లకు వెళ్లారు. జమ్నాలాల్ బజాజ్ దానికి నాయకత్వం వహించి అరెస్టయ్యాక సర్దార్ పటేల్ ఆ బాధ్యత తీసుకున్నారు. ఒక గుడ్డముక్క కోసం జైలుకు వెళ్లడం ఏమిటని అడిగే పిల్లలకు మీరు చెప్పాల్సిన ఘట్టం ఇది.

ఈలోగా రంగుల మీద తగవు మొదలైంది. ఎరుపు ఒక మతానిది, పచ్చ ఒక మతానిది అన్నాక, మా రంగు ఏదని మిగతావాళ్లు అడగడం న్యాయమే కదా. సిక్కులు తమ రంగు కూడా ఉండాలన్నారు. 1931లో కాంగ్రెస్ ఏడుగురితో ఒక కమిటీ వేసింది. దానికి కన్వీనర్ మన పట్టాభి సీతారామయ్యగారు. వెంకయ్యగారు పాఠాలు చెప్పిన కళాశాలను స్థాపించిన ముగ్గురిలో ఒకరు. ఆ కమిటీ జెండా మొత్తం కాషాయం ఒక్కటే ఉండాలని, మూలన రాట్నం ఉండాలని సిఫారసు చేసింది. ఆగస్టులో బొంబాయిలో సమావేశమైన అఖిల భారత కాంగ్రెస్ కమిటీ దాన్ని ఒప్పుకోలేదు. మూడు రంగులే ఉంచింది. ఎరుపు స్థానంలో కాషాయం పెట్టి పైకి చేర్చింది. తెలుపు మధ్యకు వచ్చింది, పచ్చ కిందికి వెళ్లింది, రాట్నం తెలుపులో కూర్చుంది. ఇంకో ముఖ్యమైన మార్పు ఏమిటంటే, ఈ రంగులు మతాలకు గుర్తు కాదని స్పష్టంగా చెప్పింది. కాషాయం ధైర్యానికి, త్యాగానికి. తెలుపు శాంతికి, సత్యానికి. పచ్చ విశ్వాసానికి, బలానికి.

మన పిల్లల పాత గైడు పుస్తకాల్లో ఏ రంగు ఏ మతానిదో రాసి ఉంటే అది 1921 నాటి మాట అని చెప్పండి. ఆ అర్థాన్ని కాంగ్రెస్ 1931లోనే పక్కన పెట్టింది.

1947 జూన్‌లో రాజ్యాంగ సభ జెండా కోసం రాజేంద్రప్రసాద్ అధ్యక్షతన ఒక కమిటీ వేసింది. అందులో అంబేడ్కర్, ఆజాద్, సరోజినీ నాయుడు, రాజగోపాలాచారి లాంటివాళ్లు ఉన్నారు. జూలై 22న నెహ్రూ ప్రతిపాదించగా సభ జెండాను ఆమోదించింది. రంగులు 1931 నాటివే. రాట్నం స్థానంలో సారనాథ్ అశోక స్తంభం మీది చక్రం వచ్చింది. దీనికి నెహ్రూ చెప్పిన కారణాల్లో ఒకటి పిల్లలు తేలిగ్గా పట్టుకుంటారు. రాట్నానికి ఒక పక్క చక్రం, ఒక పక్క కదురు ఉంటాయి. జెండాకు రెండో వైపు నుంచి చూస్తే అది తిరగబడి కనిపిస్తుంది. చక్రం ఎటు నుంచి చూసినా ఒకేలా ఉంటుంది. కాగితం మీద రాట్నం గీసి, వెనక నుంచి వెలుతురులో పెట్టి చూడమనండి, వాళ్లకే అర్థమవుతుంది.

రాట్నం పోయినందుకు గాంధీజీ నొచ్చుకున్నారు. ఆ రాట్నంలోని చక్రమే ఈ చక్రమని కొందరు సర్దిచెప్పారు. ఆమోదం రోజున సభలో మాట్లాడినవారిలో అంతకుముందు ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వైస్ ఛాన్సలర్‌గా పనిచేసిన సర్వేపల్లి రాధాకృష్ణన్‌గారు ఒకరు. పచ్చ రంగును ఆయన ఈ నేలతో, మొక్కలతో మనకున్న బంధంగా వివరించారు. ఆగస్టు 14 అర్ధరాత్రి భారత స్త్రీల తరఫున హంసా మెహతా రాజ్యాంగ సభకు జెండాను బహూకరించారు.

మరి ఆయన చేసిందేమిటి?

ఇప్పుడు మొదటి ప్రశ్నకు రండి. రాట్నం హంసరాజ్ సలహా. తెలుపు గాంధీజీది. కాషాయం, వరుస, అర్థం 1931 నాటివి. చక్రం 1947 నాటిది. అన్నీ తీసేస్తే వెంకయ్యగారికి మిగిలేదేమిటి?

మొదటిది, అడగడం. జెండా ఒక ముఖ్యమైన విషయమని పెద్దలకు ఇంకా అనిపించని రోజుల్లో, ఏటా వెళ్లి అడిగిన మనిషి ఆయన. రెండోది, చదివి అడగడం. ఉత్తినే కావాలనకుండా, ఇతర దేశాలు ఏం చేశాయో పుస్తకం వేసి చూపించారు. మూడోది, అవసరం వచ్చిన రోజున చేతిలో పని సిద్ధంగా ఉండటం. గాంధీజీకి రాట్నం ఆలోచన నచ్చినప్పుడు, దాన్ని జెండాగా మార్చగలిగే మనిషి బెజవాడలో ఉన్నారు. దేశం ఆ తర్వాత మార్చుకుంటూ వచ్చిందంతా ఆ మూడు గంటల బొమ్మనే. నాలుగోది, మనం పిల్లలకు తక్కువగా నేర్పేది. తన పనిలో మరొకరి చెయ్యి పడినా అది తనది కాకుండా పోయిందని అనుకోకపోవడం.

గ్రూప్ ప్రాజెక్టు చేసినప్పుడు ఐడియా ఎవరిది, బొమ్మ ఎవరు వేశారు, పేరు ఎవరిది పైన ఉంది అని పిల్లలు ఇంటికొచ్చి పోట్లాడతారు. కొన్నిసార్లు వాళ్లకంటే మనమే ఎక్కువ పోట్లాడతాం. దేశంలోకెల్లా పెద్ద గ్రూప్ ప్రాజెక్టు మన జెండా. ఒక్కరి సొత్తుగా మిగిలి ఉంటే అది అందరిదీ అయ్యేది కాదు. కాబట్టి జెండాను పింగళి వెంకయ్య తయారుచేశారన్న జవాబు తప్పు కాదు. ఆయన మొదలుపెట్టారు, దేశం పూర్తిచేసింది అంటే ఆ జవాబు నిండుగా ఉంటుంది.

చివరి రోజులు

ఇంతవరకు చెప్పి ఇక్కడ ఆపితే కథ తియ్యగా ఉంటుంది. కానీ పిల్లలకు మిగతా సగం కూడా చెప్పాలి. స్వాతంత్ర్యం వచ్చాక వెంకయ్యగారికి పదవులు రాలేదు, ఆస్తులు కూడబెట్టలేదు. విజయవాడ చిట్టినగర్‌లో చిన్న ఇంట్లో పేదరికంలోనే బతికారు. 1963 మొదట్లో నగరంలోని పెద్దలు కొందరు ఆయనను సత్కరించి కొంత నిధి అందించారు. అదే ఏడాది జూలై 4న ఆయన కన్నుమూశారు. అప్పటికి ఆయన వయసు 86.

ఆ రోజుల నిబంధనల ప్రకారం సామాన్యులు తమ ఇంటి మీద జాతీయ జెండాను ఏడాదంతా ఎగరేయడానికి వీల్లేదు. స్వాతంత్ర్య దినం, గణతంత్ర దినం లాంటి కొన్ని రోజుల్లోనే అనుమతి. జెండా కావాలని అడిగిన మనిషి కూడా ఆ నిబంధన కిందే బతికారు. 2002 జనవరి 26న అమల్లోకి వచ్చిన ఫ్లాగ్ కోడ్‌తో పౌరులందరికీ ఏ రోజైనా ఎగరేసే వీలు వచ్చింది. 2009లో తపాలా శాఖ ఆయన పేరిట స్టాంపు విడుదల చేసింది. ఇవన్నీ ఆయన పోయాక ఎన్నో ఏళ్లకు.

కష్టపడితే ఫలితం దక్కుతుందని మనం పిల్లలకు రోజూ చెబుతాం. వెంకయ్యగారి జీవితం ఆ మాటను అంత తేలిగ్గా ఒప్పుకోదు. ఆయన కష్టానికి ఫలితం వచ్చింది. కాకపోతే అది ఆయన ఇంటికి రాలేదు, మన ఇళ్లకు వచ్చింది. పదో తరగతి పిల్లలైనా ఈ సంగతి తెలుసుకోదగ్గవాళ్లే. పని విలువను అది తెచ్చిపెట్టిన డబ్బుతో మాత్రమే కొలవకూడదని ఉపన్యాసం ఇవ్వనక్కర్లేదు, ఈ జీవితం చెబితే చాలు. అలాగే, మేలు చేసినవాళ్లను బతికుండగా చూసుకోవడం సమాజం బాధ్యత అన్నదీ వాళ్లకు అర్థమవుతుంది.

ఈ నెల ఇంట్లో

పిల్లలు జెండా గీసేటప్పుడు నాలుగు సంగతులు గుర్తుచేయండి. పొడవు, వెడల్పు 3:2 నిష్పత్తిలో ఉండాలి, అంటే పొడవు 15 సెంటీమీటర్లయితే వెడల్పు 10. మూడు పట్టీలూ సమానంగా ఉండాలి. చక్రం ముదురు నీలంలో, 24 ఆకులతో ఉండాలి. కాషాయం ఎప్పుడూ పైనే. గోడకు నిలువుగా వేలాడదీస్తే మాత్రం కాషాయం చూసేవాళ్లకు ఎడమవైపు రావాలి.

ఆగస్టు 15 సాయంత్రం కాగితం జెండాలు రోడ్డు మీద, కారు అద్దాల కింద, స్కూలు బస్సుల్లో పడి ఉంటాయి. వాటిని నేల మీద పారేయకూడదని ఫ్లాగ్ కోడ్ చెబుతుంది. చిరిగిన జెండాను చెత్తబుట్టలో వేయకుండా, నలుగురి కళ్ల ముందు కాకుండా, గౌరవంగా కాల్చేయడం సరైన పద్ధతి. ఆ రోజు ఇంటికి వచ్చేటప్పుడు దారిలో పడిన జెండాలను ఏరి తెమ్మని పిల్లలకు చెప్పండి. మీరూ ఒకటి రెండు ఏరండి.

వీలైతే ఈ సెలవుల్లో చెన్నై వెళ్లేవాళ్లు సెయింట్ జార్జి కోట మ్యూజియం చూడండి. 1947 ఆగస్టు 15న ఆ కోట మీద ఎగరేసిన జెండాను అక్కడ భద్రపరిచారు. కృష్ణా జిల్లా వైపు వెళ్లేవాళ్లు కూచిపూడి చూసుకుని భట్లపెనుమర్రు దాకా వెళ్లి రండి. దారిలో పత్తి గురించి, జపాన్ గురించి, వజ్రాల తల్లిరాయి గురించి పిల్లలు ఎన్ని ప్రశ్నలు అడిగినా విసుక్కోకుండా జవాబులు చెప్పండి. తెలియనివాటికి కలిసి వెతకండి.